కష్టకాలంలో సంస్థను లోపలి నుంచి సరిదిద్దుకోవడం ఎలా? 90 రోజుల పద్ధతి

"పెద్ద క్లయింట్ వెళ్లిపోయాడు. పది మందిని తీసేశాం. ఉన్నవాళ్లు నోరు విప్పడం లేదు. ఇప్పుడేం చేయాలి?" జీడిమెట్లలో యూనిట్ నడిపేవాళ్లూ, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ సర్వీసెస్ కంపెనీ చూసుకునేవాళ్లూ మాటలు మార్చి ఇదే అడుగుతుంటారు. కొందరు మందు కూడా తామే చెప్పేస్తారు: ఒక మోటివేషన్ క్లాసు, వికారాబాద్ వైపు ఏదో రిసార్టులో ఒక రోజు. ఆ డబ్బు మిగుల్చుకోండి. జీతం వస్తుందో రాదో తెలియని మనిషి చేత రిసార్టులో తాడు లాగించినంత మాత్రాన వాడికి మీ మీద నమ్మకం రాదు.

ఇక్కడ చెప్పేది 30 నుంచి 300 మంది పనిచేసే సంస్థలకు. సంక్షోభం అంటే ఆర్డర్లు పడిపోవడం, ఉద్యోగాల కోత, షాప్‌ఫ్లోర్‌లో (యంత్రాల దగ్గర) ప్రమాదం, యజమాని హఠాత్తుగా లేకపోవడం, 2020 అక్టోబర్ హైదరాబాద్ వరదల్లాంటి విపత్తు, వీటిలో ఏదైనా కావచ్చు. పద్ధతి ఒకటే.

అసలు సంగతి రెండు పేరాల్లో

కష్టం వచ్చినప్పుడు సంస్థలో మూడు చోట్ల తాడు తెగుతుంది. చెడ్డ వార్త పైకి వెళ్లడం ఆగిపోతుంది, ఎందుకంటే చెప్పినవాడి మీదే విరుచుకుపడతారని భయం. నిర్ణయాలన్నీ ఒకే బల్ల మీద పేరుకుపోతాయి. వెళ్లిపోయినవాళ్ల పని చెప్పాపెట్టకుండా ఉన్నవాళ్ల నెత్తిన పడుతుంది. ఈ మూడింటినీ అక్కడ పనిచేసేవాళ్లతోనే కనిపెట్టించి, వాళ్లతోనే సరిచేయించడాన్ని ఆర్గనైజేషన్ డెవలప్‌మెంట్, పొట్టిగా ఓడీ అంటారు. 1940లలో కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వేసిన బాట ఇది: సమాచారం సేకరించు, సంబంధించినవాళ్లకే తిరిగి చూపించు, కలిసి మార్చు, మళ్లీ కొలువు.

శిక్షణ వేరు, ఇది వేరు. 1960లలో డేవిడ్ మెక్‌క్లెలాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మన హైదరాబాద్‌లోని సైట్ (చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ)తో కలిసి కాకినాడ చిన్న వ్యాపారులకు శిక్షణ ఇచ్చాడు. ఆ సంస్థే ఇప్పుడు యూసుఫ్‌గూడలోని ఎన్ఐ-ఎంఎస్ఎంఈ (జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థ). శిక్షణ పొందినవాళ్లలో వ్యాపార చురుకుదనం పెరిగింది కూడా. కానీ అక్కడ ప్రతి వ్యాపారీ తన కొట్టుకు తానే యజమాని. మీ సంస్థలో చెడిపోయింది మనిషి కాదు, మనిషికీ మనిషికీ మధ్య ఉన్న ఏర్పాటు. దాన్ని క్లాసులో కూర్చోబెట్టి బాగుచేయలేం.

ముందుగా సమకూర్చుకోవాల్సినవి

- ఒక బాధ్యుడు. ఎండీ కావచ్చు, ప్లాంట్ హెడ్ కావచ్చు. వారానికి రెండు గంటలు, 90 రోజుల పాటు ఇస్తానని ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఈ పని మొదలుపెట్టకండి.
- 5 నుంచి 7 మంది బృందం. ఎలా ఎంచుకోవాలో మూడో అడుగులో ఉంది.
- ఇంటర్వ్యూలు చేసేందుకు, ఆ విభాగానికి రిపోర్టింగ్ సంబంధం లేని ఒకరిద్దరు.
- తలుపు వేసుకునే గది. అద్దాల క్యాబిన్ పనికిరాదు, లోపల ఎవరున్నారో అందరికీ కనిపిస్తుంది.
- ఒక పేజీలో డబ్బు లెక్క: చేతిలో ఉన్న నగదు ఎన్ని నెలల జీతాలకు సరిపోతుంది, చేతిలో ఉన్న ఆర్డర్లు ఎన్ని, తర్వాతి పెద్ద నిర్ణయం ఏ తేదీన.
- చిల్లర మరమ్మతుల నిధి. మనిషికి 500 రూపాయల లెక్కన పక్కన పెడితే చాలు. 80 మందికి 40,000. బృందం ఎవరినీ అడగకుండా ఖర్చు పెట్టగలగాలి. ఫ్యాన్ బాగు చేయించడానికి మూడు సంతకాలు కావాల్సిన చోట ఓడీ గురించి ఎంత మాట్లాడినా నవ్వులాటే.

అడుగులు

1. మొదటి 72 గంటలు: ప్రాణం, జీతం, నిజం

ఓడీ తర్వాత. ముందు ఇవి.

ప్రమాదం జరిగి ఉంటే యంత్రం ఆపండి, ఆసుపత్రి, ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కాగితాలు, ఇంటివాళ్లకు కబురు చూడండి. ఆ యంత్రం మళ్లీ ఎప్పుడు తిరుగుతుందో నిర్ణయించే అధికారం ఒక్కరికే రాసి ఇవ్వండి. మానసికంగా కుంగిపోయినవాళ్ల కోసం ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 నోటీసు బోర్డు మీదా, బాత్రూమ్ తలుపు లోపలివైపూ అంటించండి. లోపలివైపు ఎందుకంటే, ఎవరి కంటా పడకుండా నంబరు రాసుకోగలిగే చోటు అదే.

తర్వాత అందరికీ ఒకేసారి నాలుగు ముక్కలు చెప్పండి: తెలిసినది, తెలియనిది, మళ్లీ ఎప్పుడు చెబుతారు, అప్పటిదాకా ఏం చేయాలి. నమూనా:

"మన ఆదాయంలో మూడో వంతు ఇచ్చే క్లయింట్ వచ్చే నెలతో ఆపేస్తున్నాడు. ఈ నెల, వచ్చే నెల జీతాలకు డబ్బు ఉంది. ఆ తర్వాత ఏం చేయాలన్నది ఇంకా తేలలేదు. 14వ తేదీ ఉదయం 11 గంటలకు తేలినంతవరకు చెబుతాను. ఈలోగా ఆ ప్రాజెక్టు పని ఎప్పటిలాగే నడవాలి."

హెచ్చరిక: "ఎవరి ఉద్యోగమూ పోదు" అన్న మాట కచ్చితంగా తెలిస్తే తప్ప నోట రానివ్వకండి. రెండు నెలల తర్వాత అయిదుగురిని పంపారంటే, ఆపైన మీరు చెప్పే ఏ మాటకూ విలువ ఉండదు. "మనమంతా ఒకే కుటుంబం" కూడా వద్దు. కుటుంబంలో నోటీస్ పీరియడ్ ఉండదని అందరికీ తెలుసు.

14వ తేదీకి చెప్పడానికి కొత్తగా ఏమీ లేకపోయినా, అదే గంటకు వచ్చి "ఇంకా తేలలేదు, మళ్లీ 21న" అని చెప్పండి. తేదీ తప్పితే ఆ ఖాళీని పుకారు నింపుతుంది.

2. మీ దగ్గరే ఉన్న అంకెలు బయటికి తీయండి

ఎవరినీ ఏమీ అడగక ముందు గడిచిన ఆరు నెలల మస్టర్ (హాజరు పట్టీ), ఓటీ (ఓవర్‌టైమ్) రిజిస్టర్, రాజీనామాలు, రీవర్క్ (మళ్లీ చేయాల్సి వచ్చిన పని) లేదా బగ్ లెక్కలు, చిన్నాపెద్దా ప్రమాదాల పుస్తకం దగ్గర పెట్టుకోండి. మొత్తం సంస్థ సగటు కాదు, విభాగాల వారీగా, నెలల వారీగా చూడండి. సగటులో రోగం కనిపించదు.

ముఖ్యంగా చూడాల్సింది ఓటీ ఎవరి మీద పడుతోందన్నది. వారానికి 55 గంటలకు పైగా పనిచేసేవాళ్లకు, 35–40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో లెక్క తేల్చాయి. మీ రిజిస్టర్‌లో 55 దాటిన పేర్లు ఉంటే, సర్వే దాకా ఆగకుండా ఈ వారమే తగ్గించండి. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఓటీ రిజిస్టర్ ఉండదు. రాత్రి తొమ్మిది తర్వాత, ఆదివారాల్లో జరిగిన కోడ్ చెకిన్‌లు (రాసిన కోడ్‌ను జమచేయడం), టికెట్ మూసిన సమయాలు లెక్కించండి, అదే మీ రిజిస్టర్. ఇది టీమ్ మొత్తానికి వేసే లెక్క. ఒక్కో మనిషి మీద నిఘాగా మార్చారంటే మొదటికే మోసం.

3. బృందాన్ని కట్టడం

మేనేజర్లకు నచ్చినవాళ్లను ఎంచుకోవడం దాదాపు అందరూ చేసే పొరపాటు. దానికి బదులు ప్రతి విభాగంలో చీటీలు పంచి ఒకే ప్రశ్న అడగండి: "పనిలో కష్టం వస్తే మీరు మొదట ఎవరి దగ్గరికి వెళ్తారు?" ఎక్కువసార్లు వచ్చిన పేర్లలోంచి తీసుకోండి. చాలాసార్లు ఆ పేరు సూపర్‌వైజర్‌ది కాదు, పదిహేనేళ్లుగా ఉన్న ఫిట్టర్‌దో, అకౌంట్స్‌లో కూర్చునే మేడమ్‌దో అవుతుంది.

బృందంలో నైట్ షిఫ్ట్ నుంచి ఒకరు, కనీసం ఇద్దరు మహిళలు, కాంట్రాక్ట్ కార్మికులు ఉంటే వాళ్లలో ఒకరు ఉండాలి. హెచ్‌ఆర్ నుంచి ఒక్కరు చాలు.

ఒక జాగ్రత్త. ఈ బృందం చట్టం చెప్పిన కమిటీలకు ప్రత్యామ్నాయం కాదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 20 మంది, అంతకు మించి కార్మికులున్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. సభ్యులు పదికి మించకూడదు, యాజమాన్యం వైపు ఎంతమందో కార్మికుల వైపూ అంతమందే ఉండాలి. 10 మంది, అంతకు మించి ఉద్యోగులుంటే 2013 చట్టం కింద లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ తప్పనిసరి. ఇంటర్వ్యూల్లో అలాంటి విషయం బయటపడితే బృందం విచారణకు దిగకూడదు. ఆ కమిటీ దగ్గరికి ఎలా వెళ్లాలో చెప్పి, కావాలంటే తోడు వెళ్లాలి. అంతే.

4. వినడం

పనంతా ఇక్కడే ఉంది. తొందరపడకండి.

ఇంటర్వ్యూలు. ప్రతి అయిదుగురిలో ఒకరితో మాట్లాడండి. 80 మంది ఉంటే 16 మంది. ఒక్కొక్కరికి 35–40 నిమిషాలు. రోజుకు నాలుగు మించితే వినేవాళ్లకు చెవులు మూసుకుపోతాయి, అయిదో మనిషి చెప్పింది నాలుగో మనిషి మాటల్లో కలిసిపోతుంది. పిలవాల్సినవాళ్లను మస్టర్‌లో ప్రతి అయిదో పేరు చొప్పున తీయండి, "వీళ్లనే ఎందుకు పిలిచారు" అన్న అనుమానం రాదు. నైట్ షిఫ్ట్ వాళ్ల దగ్గరికి రాత్రే వెళ్లండి. ఇంటికి పోయి పడుకోవాల్సిన మనిషిని పొద్దున ఎనిమిదికి కూర్చోబెడితే "ఏం లేదు సార్, అంతా మంచిగనే ఉంది" అని లేచిపోతాడు.

పాశమైలారం, చర్లపల్లి పారిశ్రామికవాడల వైపు ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ. వాళ్ల భాష వచ్చినవాళ్లే మాట్లాడాలి. మేస్త్రిని దుబాసీగా పెట్టారంటే మీరు విన్నది మేస్త్రి మాటే.

ప్రశ్నలు "ఎలా ఉంది?" అని కాకుండా, జరిగిన సంగతి అడిగేలా ఉండాలి:

- పోయిన వారం మీ పని ఎక్కడ ఆగింది? ఎవరి కోసం ఆగాల్సి వచ్చింది?
- ఈ మధ్య ఏదైనా తప్పు కనిపించినా చెప్పకుండా వదిలేశారా? చెబితే ఏమవుతుందనుకున్నారు?
- వెళ్లిపోయినవాళ్ల పనుల్లో మీ మీదికి వచ్చినవి ఏవి? అవి చేయమని ఎవరు చెప్పారు?
- కంపెనీ గురించిన కబురు మీకు మొదట ఎక్కడ తెలుస్తోంది? చాయ్ బండి దగ్గరా, వాట్సాప్‌లోనా, మేనేజర్ నుంచా?
- రాత్రి నిద్రకు ముందు పనికి సంబంధించి ఏం గుర్తొస్తోంది?
- వచ్చే సోమవారం నుంచి ఒక్కటి మార్చగలిగితే ఏది?

రెండో ప్రశ్నకు చాలామంది ఆగుతారు. మీరూ ఆగండి. పది సెకన్లు మౌనంగా ఉంటే సగం మంది చెప్పేస్తారు. ఫోన్‌లో రికార్డు చేయకండి, చేత్తో రాసుకోండి, పేరు బదులు అంకె వేయండి.

సర్వే. పది ప్రశ్నలు, 1 నుంచి 5 మార్కులు, చివర ఒక ఖాళీ గడి. "చెడు వార్త చెబితే నా పై అధికారి వింటారు", "ఈ వారం నా నుంచి ఏం ఆశిస్తున్నారో నాకు స్పష్టంగా తెలుసు", "సెలవు అడగడానికి భయపడను", ఇలా ఒక వాక్యంలో ఒకే సంగతి ఉండాలి. "జీతం, పని వేళలు బాగున్నాయి" అని రాస్తే జవాబు దేనికో తెలియదు.

పేరు బయటపడుతుందన్న భయమే సర్వేను చంపేది. అందుకని:

- ఆన్‌లైన్ ఫారంలో ఈమెయిల్ సేకరణ ఆపండి. "ఒకరికి ఒక్క జవాబే" అన్న సెట్టింగ్ పెడితే గూగుల్ ఫారం లాగిన్ అడుగుతుంది. లాగిన్ కనిపించగానే నిజం ఆగిపోతుంది. ఎవరో రెండుసార్లు నింపుతారన్న భయం కన్నా ఇది పెద్ద నష్టం.
- విభాగం, వయసు, లింగం, సర్వీసు నాలుగూ అడగకండి. టెస్టింగ్ విభాగంలో నలభై దాటిన మహిళ ఒక్కరే ఉంటే పేరు రాసినట్టే. విభాగం ఒక్కటి చాలు.
- అయిదుగురి కంటే తక్కువ జవాబులు వచ్చిన విభాగం ఫలితాన్ని విడిగా చూపకండి, పక్క విభాగంతో కలపండి.
- కాగితం మీదైతే టిక్కులే పెట్టించండి. చేతిరాత పట్టేస్తుంది. అందరికీ ఒకే రంగు పెన్ను ఇవ్వండి. తాళం వేసిన పెట్టె క్యాంటీన్‌లో పెట్టండి, హెచ్‌ఆర్ గది ముందు కాదు.

ఫలితం నమ్మదగిందా అని ఇలా చూడండి. పది మందిలో ఆరుగురి కంటే తక్కువ జవాబిస్తే, ఆ మౌనమే జవాబు. మళ్లీ సర్వే పంపి విసిగించకండి, ఆరేడుగురి చొప్పున కూర్చోబెట్టి మాట్లాడండి. ఒక విభాగంలో అన్నీ 5లే వస్తే ఎవరో పక్కన నిలబడి నింపించారని అనుమానించండి. అన్నీ 3లే వస్తే భయం. ఇంటర్వ్యూల్లో విన్నదీ సర్వే అంకెలూ పొంతన లేకుండా ఉంటే ఇంటర్వ్యూలనే ఎక్కువ నమ్మాలి.

ఇంకో మాట. అలసట, పని మీద విరక్తి, "నేను చేసేదాంట్లో ఏమీ లేదు" అన్న నిరాశ, ఈ మూడూ కలిసి కనిపిస్తే అది బర్నౌట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని పనితో ముడిపడిన స్థితిగా నిర్వచించింది. అంటే సరిచేయాల్సింది పని ఏర్పాటును. ఆ మనిషి చేత ప్రాణాయామం చేయించి అదే కుర్చీలో కూర్చోబెడితే నెలకు మళ్లీ అదే స్థితి.

5. విన్నది తిరిగి చెప్పడం

వినడం పూర్తయిన పది రోజుల్లోపు ఇది జరగాలి. విని తిరిగి చెప్పకపోవడం కన్నా అసలు వినకపోవడమే మేలు. ఒకసారి మోసపోయినవాడు రెండోసారి నోరు తెరవడు.

వరస ఇదీ. మొదట బృందం కూర్చుని నోట్సును అయిదారు అంశాలుగా కూర్చాలి. తర్వాత బాధ్యుడికి ఒక రోజు ముందు, ఒంటరిగా చూపించాలి. అందరి ముందు మొదటిసారి వింటే ఎంత మంచి మనిషైనా సమర్థించుకోవడం మొదలుపెడతాడు. ఆ తర్వాత 15–20 మంది చొప్పున అందరికీ, గంటసేపు.

ఉద్యోగుల మాటలను ఉన్నవి ఉన్నట్టు చూపిస్తే బలం ఉంటుంది, కానీ యాసను మార్చండి. "గీ పని ఎవల్ది అని అడిగితె ఎవ్వలు చెప్తలేరు" అని తెర మీద పెడితే, విభాగంలో అలా మాట్లాడే ఇద్దరి వైపూ అందరి తలలూ తిరుగుతాయి. మామూలు రాతభాషలోకి మార్చండి, తేదీలూ క్లయింట్ల పేర్లూ తీసేయండి.

బాధ్యుడికి నియమం: మొదటి ఇరవై నిమిషాలు జవాబివ్వకూడదు. "ఇంకా చెప్పండి" అనొచ్చు. "ఇది ఎవరన్నారు?" అన్న ప్రశ్న ఏ రూపంలోనూ రాకూడదు. మీ బాధ్యుడు ఆగలేని మనిషైతే చేతికి నోట్‌బుక్ ఇచ్చి రాయమనండి. రాస్తున్నవాళ్లు మాట్లాడలేరు.

6. మూడే మూడు ఎంచుకోండి

మార్చాల్సినవాటి జాబితా నలభై దాకా వస్తుంది. రెండు చిన్నవి 14 రోజుల్లో అయ్యేలా, ఒకటి పెద్దది 60 రోజుల్లో అయ్యేలా తీసుకోండి. మిగతావాటి పక్కన "ఇప్పుడు కాదు, కారణం ఇదీ" అని రాసి బోర్డు మీద పెట్టండి. చిన్నవి అంటే షిఫ్ట్ బస్సు వేళ, జీతం స్లిప్పులో కోతల వివరణ, రాత్రి తొమ్మిది తర్వాత గ్రూపులో మెసేజ్‌లు ఆపడం లాంటివి. పెద్దది దాదాపు ఎప్పుడూ ఈ రెండింటిలో ఒకటే అవుతుంది.

పని బరువు. పన్నెండు మంది టీమ్ ఎనిమిది అయింది అనుకోండి. వారానికి 45 గంటల చొప్పున మునుపు 540 గంటలు, ఇప్పుడు 360. ఆ 180 గంటల పని ఎటు పోయింది? "సర్దుకుంటారు" అన్నది జవాబు కాదు, దాన్ని ఎనిమిది మందీ రాత్రిళ్లు మోస్తున్నారు. వెళ్లిన నలుగురి పనులన్నీ చీటీల మీద రాసి, ఒక్కోదాని పక్కన వారానికి ఎన్ని గంటలో వేసి, మూడు కుప్పలు చేయండి: ఆపేసేవి, మూడు నెలలు వాయిదా వేసేవి, ఎవరో ఒకరు చేయక తప్పనివి. మూడో కుప్పలోది తీసుకునేవాళ్లు తమ పాత పనుల్లోంచి అంతే గంటలది మొదటి రెండు కుప్పల్లోకి వేయాలి. మార్పిడి లేకుండా ఎవరి చేతికీ చీటీ ఇవ్వకండి. చివరికి ఆపినవీ వాయిదా వేసినవీ కూడితే 180కి దగ్గరగా రావాలి. 60 దగ్గర ఆగిపోతే పని తగ్గలేదు, దాచారంతే. మొదట ఆపాల్సినవి ఎవరూ చదవని రిపోర్టులు. ఒక వారం పంపడం మానేసి చూడండి, అడిగినవాళ్లకు మాత్రమే మళ్లీ పంపండి.

నిర్ణయాలు. ఒక కాగితం మీద తరచూ వచ్చే పదిహేను నిర్ణయాలు రాయండి: 10,000 రూపాయల లోపు కొనుగోలు, సెలవు, సరుకు తిప్పి పంపడం, క్లయింట్‌కు ఆలస్యం అవుతుందని చెప్పడం, యంత్రం ఆపడం. ఒక్కోదానికి ఒక్క పేరే. "హెచ్‌ఆర్, ఆపరేషన్స్ కలిసి" అని రాశారంటే ఎవరూ లేనట్టే. ఆ మనిషి సెలవులో ఉంటే ఎవరన్నది రెండో వరసలో రాయండి.

ఈ నిర్ణయాల పట్టిక పనిచేస్తోందా అని చూడటానికి హైదరాబాద్‌లో వాన చాలు. భారీ వర్షమప్పుడు ఇంటి నుంచే పని చేయించమనో, దశలవారీగా వదలమనో సైబరాబాద్ పోలీసులు ఐటీ కంపెనీలకు సూచనలు ఇస్తుంటారు. ఆ సూచన వచ్చాక మీ ఆఫీసులో జనాన్ని పంపడానికి ఎన్ని నిమిషాలు పట్టింది, ఎన్ని ఫోన్లు తిరిగాయి? మూడు ఫోన్లు దాటితే పట్టిక గోడ మీదే ఉంది, జనం నోట్లోకి రాలేదు.

7. మనుషులను తగ్గించక తప్పకపోతే

ముందు మిగతా దారులు చూడండి: కొత్త నియామకాలు ఆపడం, ఓటీ తీసేయడం, పనిగంటలు తగ్గించడం, పైనుంచి మొదలుపెట్టి జీతాల్లో కోత. కింది స్థాయిలో కోసి పై స్థాయిలో వదిలేస్తే సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది.

తప్పదనుకుంటే ఒకేసారి చేయండి. నెలకు ముగ్గురు చొప్పున అయిదు నెలలు పంపితే, ఉన్నవాళ్లంతా ఆ అయిదు నెలలూ ఉద్యోగాలు వెతుక్కుంటూ ఉంటారు, మంచివాళ్లకు ముందు దొరుకుతాయి. చెప్పాల్సింది సొంత మేనేజర్, ముఖాముఖి, పదిహేను నిమిషాల్లో. శుక్రవారం సాయంత్రం వద్దు, ప్రశ్నలు అడగడానికి ఎవరూ ఉండరు. అదే రోజు మిగిలినవాళ్లకూ చెప్పండి: ఇంతమంది, ఈ కారణంతో, ఇక ఇప్పట్లో ఉందా లేదా.

చట్టం వైపు: కార్మికుల కేటగిరీలో ఏడాది నిరంతర సర్వీసు ఉన్నవాళ్లను తగ్గిస్తే నెల నోటీసు లేదా దానికి బదులు జీతం, పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలి. 300 మంది, అంతకు మించి కార్మికులున్న ఫ్యాక్టరీలైతే ముందుగా ప్రభుత్వ అనుమతి కావాలి. తీసేసినా రాజీనామా చేసినా రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలని వేతనాల కోడ్ చెబుతోంది. రిలీవింగ్ లెటర్ ఆపి బెదిరించడం, బలవంతంగా రాజీనామా రాయించుకోవడం లేబర్ ఆఫీసు దాకా వెళ్లే దారులు. లెక్కలు వేసే ముందు లేబర్ న్యాయవాదితో ఒక గంట కూర్చోండి.

8. మధ్యలో నలిగేవాళ్లు

టీమ్ లీడ్‌లు, షిఫ్ట్ ఇన్‌చార్జ్‌లు. పైవాళ్లు చెప్పరు, కిందివాళ్లు అడుగుతారు. చాలా ఓడీ ప్రయత్నాలు చెడేది వీళ్లను మరిచిపోవడం వల్లే. ప్రతి ప్రకటనా అందరికంటే ముందు వీళ్లకు చెప్పండి, ఒక గంట ముందైనా సరే, అడగబోయే ప్రశ్నలకు జవాబుల కాగితంతో సహా. "నాకూ తెలియదు, గురువారం కనుక్కుని చెబుతాను" అనే హక్కు వాళ్లకు ఇవ్వండి. ఆ గురువారం నిజంగానే జవాబు ఇప్పించండి.

9. వారం వారం ఒకే వేళకు

మంగళవారం ఉదయం 20 నిమిషాలు, నిలబడే. మూడు అంశాల పరిస్థితి, డబ్బు లెక్కలో మార్పు, పుకార్ల పుస్తకం. పుకార్ల పుస్తకం అంటే వారంలో వినిపించినవన్నీ ఎవరన్నారన్నది లేకుండా రాసి, ఒక్కోదానికి "నిజం", "కాదు", "ఇంకా తేలలేదు" అని జవాబివ్వడం. మొదటి వారాల్లో ఇబ్బందిగా ఉంటుంది. దసరా ముందు బోనస్ గురించిన పుకారు తప్పకుండా వస్తుంది, జవాబు సిద్ధంగా పెట్టుకోండి.

10. 30, 60, 90 రోజులకు కొలవండి

పది ప్రశ్నల్లోంచి అయిదు తీసి అవే మళ్లీ అడగండి. మాటలు మార్చకండి, మార్చితే పోల్చలేరు. దాంతోపాటు ఇవి చూడండి.

చెడ్డ వార్త ప్రయాణ సమయం: తప్పు జరిగిన గంట నుంచి బాధ్యుడి చెవిన పడిన గంట దాకా. అయిదు ఘటనలు తీసి లెక్కించండి. మూడు రోజుల నుంచి మూడు గంటలకు దిగితే పని జరుగుతున్నట్టే. మిగతా అంకెలన్నిటికన్నా ఇదే నమ్మదగింది.

త్రుటిలో తప్పిన ప్రమాదాల రిపోర్టులు: మొదటి నెల పెరుగుతాయి. కంగారుపడకండి. ప్రమాదాలు పెరగలేదు, చెప్పడం పెరిగింది. ఆ నెలలో ఎవరినైనా మందలించారంటే వచ్చే నెల సున్నా వస్తుంది, దాన్ని చూసి మురిసిపోతారు.

మోసం చేసే అంకెలు రెండు. హాజరు పెరగడం, భయంతో జ్వరం ఉన్నా వస్తున్నారేమో చూడండి. మీటింగుల్లో గొడవలు లేకపోవడం, మీటింగ్ అయ్యాక చాయ్ దగ్గర ఏం మాట్లాడుకుంటున్నారో బృందాన్ని అడగండి.

30 రోజులకు ఏ అంకే కదలకపోతే చాలావరకు కారణం ఒకటే: చిన్నవి రెండూ 14 రోజుల్లో పూర్తి కాలేదు. కొత్తవి చేర్చకుండా వాటినే ముగించండి.

తరచూ అడిగేవి

బయటి కన్సల్టెంట్ కావాలా? యజమానుల మధ్యే గొడవ ఉంటే, లేదా ప్రమాదంలో ప్రాణం పోయి ఉంటే కావాలి. ఆ స్థితిలో లోపలివాళ్లను ఎవరూ నమ్మరు. ఒప్పందంలో మూడు రాయించుకోండి: ఇంటర్వ్యూ నోట్సు యాజమాన్యానికి ఇవ్వరు, ఫలితాలు బోర్డుకు చూపిన వారంలోపు ఉద్యోగులకూ చూపుతారు, పని ముగిసేలోపు మీ బృందానికి ఈ పద్ధతి నేర్పి వెళ్తారు. మూడోదానికి తడబడేవాళ్లను తీసుకోకండి.

యూనియన్ ఉంది, ఎలా? నాయకులకు మొదటి రోజే చెప్పండి, ప్రశ్నల కాగితం చూపించండి. వేతన చర్చలను ఇందులోకి తేకండి. అవి వేరే బల్ల.

ముప్పై మంది కంటే తక్కువ ఉన్నాం, ఇదంతా అవసరమా? సర్వే, బృందం రెండూ వదిలేయండి. బాధ్యుడే ప్రతి ఒక్కరితో అరగంట మాట్లాడాలి, అవే ఆరు ప్రశ్నలు. రోజుకు నలుగురికి మించకుండా ముగించండి. అందరితో మాట్లాడటం అయిన మర్నాడు అందర్నీ కూర్చోబెట్టి విన్నది చెప్పి మూడు ఎంచుకోండి. ఇంత చిన్న చోట పేరు దాచడం కుదరదు కాబట్టి, "ఇది అందరి ముందూ చెప్పనా, వద్దా?" అని ప్రతి ఇంటర్వ్యూ చివరా అడిగి, వద్దన్నదాన్ని అక్కడే కొట్టేయండి.